నాన్నను దక్కించిన అందరికీ కృతజ్ఞతలు

నాన్న ఇంటికొచ్చేశారు. చేతికర్రతో నడుస్తున్నారు. మాట కాస్త తడబడుతోంది, కోపం మాత్రం పాతదే! అండగా నిలబడ్డ వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పడం నావల్ల కావడం లేదు, అందుకే ఈ పోస్టు.

కావలి దగ్గర హైవే మీద బండి జారి నాన్న తలకు దెబ్బ తగిలింది. ఆయన గుండెలో మెటల్ వాల్వ్ ఉంది కాబట్టి రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకోవాల్సిందే. నెల్లూరులో పరీక్ష చేస్తే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) 4 దాటింది. సీటీ స్కాన్‌లో రక్తస్రావం, మెదడులో వాపు కనిపించాయి. తల లోపల ప్రెషర్ కచ్చితంగా తెలియాలంటే పుర్రెకు రంధ్రం పెట్టి సెన్సార్ పంపాలి. రక్తం గడ్డకట్టే పరిస్థితి లేనప్పుడు అక్కడే మళ్లీ రక్తం కారుతుందేమోనని డాక్టర్ల భయం. మా టెన్షన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అందుకే ఐసీయూలోని డాక్టరమ్మ గారు అల్ట్రాసౌండ్ మెషిన్ తెప్పించారు. నాన్న మూసిన కంటిరెప్ప మీద జెల్ రాసి, నొక్కకుండా ప్రోబ్ ఆనించారు. స్క్రీన్ మీద నల్లగా గుండ్రంగా కనుగుడ్డు, దాని వెనక నుంచి చారలా నరం. "చూడమ్మా, మెదడు పైపొరే ఈ నరం చుట్టూ తొడుగులా ఇక్కడిదాకా వస్తుంది. లోపల ప్రెషర్ పెరిగితే మెదడు చుట్టూ ఉండే నీరు ఇటు తోసుకొచ్చి తొడుగు ఉబ్బుతుంది" అన్నారు. కనుగుడ్డుకు 3 మిల్లీమీటర్ల వెనక ఆ తొడుగు వెడల్పు కొలిస్తే 6.3 మిల్లీమీటర్లు వచ్చింది. 5, 6 మధ్య ఎక్కడో గీత గీస్తారట, అది దాటితే అనుమానించాల్సిందే. పెద్దవాళ్లకు తల లోపల మామూలు ప్రెషర్, బీపీ లెక్కలోలాగే, 7 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం, అది 22 దాటితే వైద్యం మొదలుపెడతారు. అయితే ఈ స్కాన్ ఆ అంకె చెప్పదు, ఇది అంచనా మాత్రమేనని ఆవిడే రెండుసార్లు చెప్పారు. కంటికే దెబ్బ తగిలి ఉంటే ఇది చేయకూడదట. ఆ నిజాయితీ వల్లే ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

మంచం తలవైపు 30 డిగ్రీలు లేపారు, మెదడు వాపు తగ్గించే మానిటాల్ మందు ఎక్కించారు. రక్తం మళ్లీ గడ్డకట్టేలా విటమిన్ కె, ప్లాస్మా ఇచ్చారు. ఆ తర్వాత తొడుగు వెడల్పు మళ్లీ మళ్లీ కొలిచారు. 5.8 అయింది, తర్వాత 5.1. కనుపాపల్లో టార్చి వేసి చూడడం, సీటీ తీయడం మానలేదు. తలకు రంధ్రం అవసరమే రాలేదు. స్కాన్ చేసిన ప్రతిసారీ నన్ను పిలిచి స్క్రీన్ చూపించిన డాక్టరమ్మ గారికి, రాత్రుళ్లు నాన్నను కనిపెట్టుకుని ఉన్న సిస్టర్లకు రెండు చేతులా నమస్కారం.

వాడిన ప్లాస్మాకు బదులు రక్తం ఇవ్వడానికి వానలో వచ్చిన మా ఊరి పిల్లలూ, అడగకుండానే డబ్బు సర్దిన మామా, మీ రుణం తీర్చుకోలేం.

ఇంకొకరున్నారు. నాన్న పడగానే లారీ ఆపి, 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆయన తల కదలకుండా పట్టుకున్న డ్రైవరన్న. రొయ్యల మేత లోడుతో ఒంగోలు వైపు వెళ్తున్నాడని చూసినవాళ్లు చెప్పారు. పేరు తెలియదు, నంబరూ లేదు. తెలిసినవాళ్లుంటే నాకు మెసేజ్ పెట్టండి. నాన్న ఆయనతో మాట్లాడాలంటున్నారు.