పాత కేసు ఉంటే వీసా ఫారంలో "నో" ఎందుకు పెట్టట్లేదో, మా కస్టమర్లందరికీ

నమస్కారం అండి. గుంటూరు బ్రాడీపేటలో మా దగ్గర వీసా ఫారాలు నింపించుకునేవాళ్లందరికీ ఒక విషయం ఓపెన్‌గా చెప్పేయాలనుకుంటున్నా. ఈమధ్య కొన్ని ఫైళ్లు మేమే వెనక్కిచ్చేశాం, తీసుకున్న సర్వీస్ చార్జీ కూడా తిరిగిచ్చేశాం, దాంతో కొంతమందికి కోపమొచ్చింది, "వేరేచోట పది నిమిషాల్లో చేసిచ్చారు, మీకెందుకంత పట్టుదల" అని వాట్సాప్‌లో పెడుతున్నారు. కారణం ఒక్కటే. పాత కేసు ఉండి కూడా లేదని పెట్టమంటే మేం పెట్టం.

అమెరికా విజిట్ వీసాకి ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-160 ఫారంలో సెక్యూరిటీ ప్రశ్నల దగ్గర ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, ఏదైనా నేరంలో శిక్ష పడిందా అని అడుగుతారు, తర్వాత క్షమాభిక్ష వచ్చినా సరే చెప్పాలని అందులోనే ఉంటుంది. ఎన్నేళ్ల కిందటిదైతే వదిలేయొచ్చు అన్న లెక్కేమీ లేదు. మొన్న ఒక పెద్దాయన, వాళ్లావిడ వచ్చారు, కూతురి పురుడికి వెళ్లాలి. మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఈ ప్రశ్న చదవగానే ఆయన వాళ్లావిడ వైపు ఒకసారి చూసి "లేదమ్మా" అనేశారు. ఆవిడ జిరాక్స్‌లకి కిందికెళ్లాక కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పారు, 1988 డిసెంబర్‌లో వంగవీటి రంగా గారి హత్య తర్వాత బెజవాడలో గొడవలైనప్పుడు కర్ఫ్యూలో దొరికితే స్టేషన్లో కూర్చోబెట్టారంట, తర్వాత ప్లీడరు ఒప్పేసుకో అంటే కోర్టులో ఒప్పేసుకుని ఫైన్ కట్టి ఇంటికొచ్చేశారంట. "ఫైన్ కట్టేశాక ఇంకా కేసేంటి బాబూ" అన్నారు.

మనవాళ్లలో చాలామంది అనుకునేది ఇదే. ఫైన్ కట్టేస్తే కేసు క్లోజ్ అయిన మాట నిజమే, కానీ నేరం ఒప్పుకుని ఫైన్ కట్టడం అంటే శిక్ష పడినట్టే అండి, జైలుకెళ్లకపోయినా సరే. పేకాటలో దొరికి ఫైన్ కట్టినా, తాగి బండి నడిపి కోర్టులో ఫైన్ కట్టొచ్చినా అంతే. లోక్ అదాలత్‌లో రాజీ అయిన కేసు వేరు, రాజీకి వీలున్న సెక్షన్లలో రాజీ పడితే చట్టప్రకారం నిర్దోషిగా వదిలేసినట్టే లెక్క, అయినా అప్పట్లో అరెస్ట్ చేసుంటే అమెరికా ఫారంలో మాత్రం "ఎస్" పెట్టాల్సిందే, ఎందుకంటే వాళ్లు అరెస్ట్ గురించి కూడా అడుగుతున్నారు. సమైక్యాంధ్ర ఉద్యమంలో అరెస్టై, తర్వాత కేసు ఎత్తేసినవాళ్లకీ ఇదే మాట.

"ఎస్" పెడితే వీసా పోతుందని భయం. అన్నిసార్లూ పోదు. అమెరికా చట్టంలో ప్రధానంగా చూసేది దొంగతనం, మోసం, ఫోర్జరీ లాంటి నైతికంగా చెడ్డవనుకునే నేరాలు, ఇంకా డ్రగ్స్ కేసులు. మొదటిరకంలో కూడా జీవితంలో ఒక్కటే నేరం ఉండి, దానికి చట్టంలో గరిష్ఠ శిక్ష ఏడాది దాటకుండా, పడిన శిక్ష ఆరు నెలలు దాటకుండా ఉంటే మినహాయింపుంది. పాత ఐపీసీలో 420, అంటే మోసం సెక్షన్‌కి గరిష్ఠంగా ఏడేళ్లు కాబట్టి అది ఇందులోకి రాదు, అలాంటివాళ్లని మేం ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గరికే పంపిస్తున్నాం, విజిట్ వీసాకైతే వెయివర్, అంటే అనర్హత ఉన్నా ప్రత్యేకంగా అనుమతి అడిగే దారి ఉంటుంది. తాగి నడిపిన కేసు అయిదేళ్లలోపుదైతే వాళ్ల ప్యానెల్ డాక్టర్, అంటే ఎంబసీ గుర్తించిన డాక్టర్ దగ్గరికి పంపుతారు, ఆలస్యం అవుతుంది. కర్ఫ్యూ కేసులో ఫైన్ కట్టిన ఆ పెద్దాయనది నా అంచనాలో వీసాకి అడ్డొచ్చే కేసే కాదు.

ఇక "నో" పెట్టి, అది కావాలని చేసిన తప్పుడు స్టేట్‌మెంట్ అని తేలితే అమెరికాకి జీవితాంతం అనర్హత పడే ప్రమాదముంది. ఆ పెద్దాయన కొడుకు డాలస్ నుంచి ఫోన్ చేసి "అంకుల్, అప్పటి రికార్డులు కంప్యూటర్లో ఎక్కడుంటాయి, నో పెట్టేయండి" అన్నాడు. నేను అడిగింది ఒకటే, బాబూ రేపు నీకు సిటిజన్‌షిప్ వచ్చాక నాన్నగారికి గ్రీన్‌కార్డ్ వేస్తావా వెయ్యవా అని. వేస్తానన్నాడు. అప్పుడు పాస్‌పోర్ట్ ఆఫీస్ నుంచి పీసీసీ, అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తేవాలి, శిక్ష పడిన కేసుంటే కోర్టు కాగితాలు పెట్టాలి, మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు, ఇవాళ నింపిన ఫారం వాళ్ల దగ్గర అలాగే ఉంటుంది. ఆ రోజు నిజం చెప్తే ఇవాల్టి "నో" అబద్ధమని తెలిసిపోతుంది, చెప్పకపోతే అబద్ధం రెండోసారి. డెబ్బై దాటిన మనిషిని కౌంటర్ ముందు అలా నిలబెట్టే కాగితం నా చేత్తో నింపలేను అండి, అబ్బాయి కాసేపు ఆగి సరే అంకుల్ అన్నాడు.

మిగతా దేశాల సంగతి కూడా చెప్తా. యూకేలో మోసం చేశారని తేలితే పదేళ్ల వరకు బ్యాన్, కెనడాకి అయిదేళ్లు, ఆస్ట్రేలియాకి మూడేళ్లు. ప్రశ్నలు మాత్రం ఒకేలా ఉండవు. యూకే ఫారంలో బాకీల గురించి కోర్టు ఇచ్చిన తీర్పులు కూడా అడుగుతారు, అంటే మన మిర్చియార్డు వ్యాపారాల్లో ప్రోనోటు మీద దావా వేసి డిక్రీ వచ్చినవాళ్లు, అది క్రిమినల్ కేసు కాకపోయినా, అక్కడ చెప్పాలి. కెనడాలో 2018 డిసెంబర్ నుంచి తాగి నడపడాన్ని పెద్ద నేరంగా చూస్తున్నారు, ఇక్కడ ఫైన్‌తో పోయింది కదా అని తేలిగ్గా తీసుకోకండి.

అందుకని మా దగ్గర పద్ధతి మార్చాం. ఈ ఒక్క ప్రశ్న ఇకమీద హాల్లో అందరి ముందు అడగం, లోపలి రూములో ఒక్కొక్కర్ని విడిగా అడుగుతాం, భార్యకీ పిల్లలకీ తెలియని పాత సంగతులు మనుషులకి ఉంటాయి, అవి మా నోటి నుంచి బయటికి రావు. కేసు ఉందంటే ఏ స్టేషన్, ఏ కోర్టు, ఏ సంవత్సరం, కోర్టు ఇచ్చిన కేసు నంబర్ (సీసీ నంబర్) గుర్తుంటే అది రాసుకురండి. జడ్జిమెంట్ సర్టిఫైడ్ కాపీకి ఆ కోర్టులోనే కాపీ అప్లికేషన్ వేయాలి, మరీ పాతదైతే రికార్డు తీసేశామంటారు, అప్పుడు ఆ మాటే రాతపూర్వకంగా తెచ్చుకోండి, అదీ పనికొస్తుంది. ఇంటర్వ్యూకి ఆ కాగితం, దాని ఇంగ్లిష్ అనువాదం, జరిగింది జరిగినట్టు రాసిన ఒక పేజీ తీసుకెళ్తే చాలు. ఆఫీసర్ అడిగినదానికి పొట్టిగా చెప్పండి, అప్పటి రాజకీయాలన్నీ చెప్పక్కర్లేదు.

కేసు ఇంకా కోర్టులో నడుస్తున్నవాళ్లు ముందు పాస్‌పోర్ట్ సంగతి చూసుకోవాలి, దానికీ విదేశానికి వెళ్లడానికీ కోర్టు పర్మిషన్ కావాలి, అది లేకుండా మేం ఫైలే తీసుకోవట్లేదు.

ఇప్పటికే ఎక్కడో "నో" పెట్టి సబ్మిట్ చేసేసి ఇంటర్వ్యూకి ఎదురుచూస్తున్నవాళ్లుంటే కంగారు పడకండి. సబ్మిట్ చేసిన డీఎస్-160ని దిద్దడం కుదరదు గానీ కొత్తది నింపి, దాని కన్ఫర్మేషన్ నంబర్ అపాయింట్‌మెంట్‌లో మార్చుకోవచ్చు, కాకపోతే ఇంటర్వ్యూకి ముందే మార్చాలి, చివరి నిమిషంలో కుదరదు. ఆఫీసర్ పట్టుకోకముందే మీ అంతట మీరు సరిచేసుకుంటే ఆ లెక్క వేరుగా ఉంటుంది. డేట్ దగ్గర పడినవాళ్లు ఈ వారంలోనే వచ్చేయండి, మధ్యాహ్నం రెండు తర్వాత అయితే నేనే ఉంటా, ఫారం మా దగ్గర నింపినా వేరేచోట నింపినా ఈ మార్పుకి మేం డబ్బులు తీసుకోం.