ఉద్యోగం చేస్తూ డాక్టరు చదువుకు సిద్ధమయ్యే పిల్లలకు ఇంకో ఏడాది ఇవ్వండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. పత్రికల్లో, టీవీల్లో తరచూ ఒక రకం వార్త కనిపిస్తుంటుంది. రాత్రంతా ఉద్యోగం చేసి, పొద్దున్నే కాలేజీకి వెళ్ళి, రోజుకి మూడు గంటలు పడుకుని చివరికి మెడికల్ సీటు సాధించిన అబ్బాయి కథో అమ్మాయి కథో. చదివినవాళ్ళు శభాష్ అంటారు, ఇంట్లో పిల్లల్ని పిలిచి చూపిస్తారు. నేను అమెరికాలో డిగ్రీ చదువుతూ, ఒక ఆస్పత్రిలో నర్సింగ్ అసిస్టెంట్‌గా రాత్రి షిఫ్టులు చేస్తూ మెడికల్ స్కూల్‌కి తయారవుతున్నాను. అలాంటి వార్త కనబడినప్పుడల్లా నాకు భయం వేస్తుంది, ఎందుకంటే అది చూసి మరో పదిమంది అలాగే మొదలుపెడతారు, వాళ్ళలో మధ్యలో ఆగిపోయినవాళ్ళ గురించి ఎవరూ రాయరు.

ఇక్కడ, కొన్ని ప్రత్యేక కోర్సులు తప్పిస్తే, ఇంటర్ అవగానే మెడిసిన్‌లో చేరడం ఉండదు. ముందు నాలుగేళ్ళ డిగ్రీ చేయాలి. అందులోనే బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, చాలాచోట్ల బయోకెమిస్ట్రీ కూడా ల్యాబులతో సహా పూర్తి చేయాలి, ఎంక్యాట్ అనే మెడికల్ ప్రవేశ పరీక్ష రాయాలి, ఆ తర్వాతే నాలుగేళ్ళ మెడికల్ స్కూల్, ఆపైన ఆస్పత్రిలో జూనియర్ డాక్టరుగా శిక్షణ పొందే రెసిడెన్సీ. ఈ డిగ్రీ నాలుగేళ్ళలోనే ఫీజు కోసమో ఇంటి అద్దె కోసమో ఉద్యోగం చేయాల్సి వచ్చినవాళ్ళ గురించే ఈ ఉత్తరం.

ఇది పట్టుదల విషయం అని అందరూ అంటారు. నా మటుకు నాకు ఇది ముందు లెక్కల విషయం. ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత చదువు, ఇక్కడి ఫెడరల్ నిబంధనల్లో ఉన్న లెక్కే ఇది. 15 క్రెడిట్లు తీసుకుంటే వారానికి 45 గంటలు. ఆస్పత్రిలో ఫుల్‌టైమ్ అంటే సాధారణంగా 12 గంటల షిఫ్టులు మూడు, అంటే 36. రెండూ కలిపితే 81. ఒకటే క్రెడిట్ అని చెప్పి మూడు నాలుగు గంటలు నిలబెట్టే ల్యాబుల అదనపు సమయం ఇందులో కలపలేదు. ఎంక్యాట్ చదువు, వాలంటీర్ పని, డాక్టర్ల వెనక తిరిగి చూసే షాడోయింగ్, ప్రయాణం, వంట, బట్టలు ఉతుక్కోవడం ఏవీ కలపలేదు.

ఈ 81 అనే అంకె దగ్గర కాస్త ఆగండి. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయన్ అనే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఆస్పత్రిలో చేరిన కొన్ని గంటల్లోనే చనిపోయింది. విశ్రాంతి లేకుండా గంటల తరబడి పనిచేసే జూనియర్ డాక్టర్ల గురించి దేశమంతా చర్చ జరిగింది, ఆ అమ్మాయి తండ్రి ఏళ్ళ తరబడి పోరాడాడు. చివరికి 1989లో న్యూయార్క్ రాష్ట్రం, 2003లో దేశమంతటా శిక్షణ సంస్థల గుర్తింపు మండలి రెసిడెంట్ల పనికి సగటున వారానికి 80 గంటలు అనే హద్దు పెట్టాయి. ఆ హద్దు కూడా చాలా ఎక్కువే అని ఇప్పటికీ వాదించేవాళ్ళు ఉన్నారు. మరి ఇంకా మెడికల్ స్కూల్ గడప కూడా తొక్కని పంతొమ్మిదేళ్ళ పిల్ల 81 గంటలు చేస్తుంటే, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకు తప్ప ఆపమని చెప్పే నిబంధన ఎక్కడా లేదు, పైగా మనం చప్పట్లు కొడుతున్నాం.

నిద్ర తగ్గించుకుంటే సరిపోతుంది కదా అంటారు. 17 గంటలు వరుసగా మేలుకుని ఉన్న మనిషి తీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ళ తీరులా మారుతుందని పరిశోధనల్లో తేలింది. 24 గంటలైతే దాదాపు 0.10, అది ఇక్కడ కారు నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు దాటిన స్థితి. రాత్రి షిఫ్టు దిగి అటు నుంచి అటే పొద్దున ఎనిమిది గంటల ల్యాబుకి కారు నడుపుకుంటూ పోయే పిల్లలు నాకు తెలుసు, ఎర్ర లైటు దగ్గర కళ్ళు మూసుకుపోతాయని చెప్తారు. సీటు సంగతి తర్వాత, ముందు వాళ్ళు ప్రాణాలతో ఉండాలి.

ఇక మార్కులు. అప్లికేషన్ వెళ్ళే ఎమ్‌కాస్ అనే కేంద్ర విధానంలో, ఒక సబ్జెక్టులో సి గ్రేడు వచ్చి మళ్ళీ చదివి ఎ గ్రేడు తెచ్చుకున్నా పాత సి పోదు, రెండూ కలిపే జీపీఏ, అంటే సగటు గ్రేడు, లెక్కగడతారు. అంటే ఒక సెమిస్టర్‌లో మోయలేనంత ఎత్తుకుంటే దాని మచ్చ అప్లికేషన్ దాకా వెంటవస్తుంది. అదే రెండు సైన్సు ల్యాబులు ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోకుండా ఒకటి తర్వాతి సెమిస్టర్‌కో వేసవికో జరిపితే ఎవరూ తప్పుపట్టరు. 12 క్రెడిట్లు, వారానికి 20 గంటల పని, మొత్తం 56, ఇది మనిషి చేయగలిగిన లెక్క. 12 కన్నా తగ్గిస్తే పెల్ గ్రాంట్ లాంటి ఆర్థిక సాయం కూడా తగ్గుతుంది కాబట్టి ఆ నిర్ణయం తీసుకునే ముందు కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి వెళ్ళి అడగడం తప్పనిసరి.

ఎంక్యాట్ సంగతి కూడా అంతే. విరామాలతో కలిపి ఏడున్నర గంటల పరీక్ష, 230 ప్రశ్నలు, నాలుగు విభాగాలు, జీవితం మొత్తంలో ఏడుసార్లే రాయనిస్తారు, రాసిన ప్రతి స్కోరూ కాలేజీలకు కనబడుతుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ నడుస్తున్న సెమిస్టర్‌లో షిఫ్టుల మధ్య సందుల్లో చదివి రాసేద్దాం అనుకోవడం నా దృష్టిలో ధైర్యం కాదు. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది తీసుకుని, ఉద్యోగం చేసుకుంటూనే, క్లాసుల ఒత్తిడి లేకుండా ఆ పరీక్ష ఒక్కటే చదవడం ఎంతో మేలు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ ఏడాది అనేసరికి మనవాళ్ళ మొహాలు మారిపోతాయి. "ఇంకా ఎన్నేళ్ళు చదువుతావే?", "ఫలానా వాళ్ళమ్మాయి అప్పుడే రెండో ఏడాదిలో ఉందట", "ఏడాది ఖాళీగా కూర్చుంటే మళ్ళీ చదువు మీద మనసు నిలుస్తుందా?" అని ఫోన్‌లో బాబాయిలు, పిన్నులు అడుగుతుంటే అమ్మానాన్నలకి టెన్షన్, వాళ్ళని చూసి మాకు టెన్షన్. ఇక్కడ మెడికల్ స్కూల్లో చేరేవాళ్ళలో సగానికి పైగా డిగ్రీ అయ్యాక కనీసం ఒక ఏడాది ఆగి వచ్చినవాళ్ళే. చేరేనాటి సగటు వయసు 24 దగ్గర ఉంటుంది. ఇరవై ఒక్కటికే చేరకపోతే వెనకబడినట్టు అన్న లెక్క ఎక్కడిదో నాకు అర్థం కాదు. పెద్దవాళ్ళకి నా విన్నపం ఒకటే, ఇంకా ఎన్నేళ్ళు అన్న ఆ ఒక్క ప్రశ్న అడగడం మానేయండి, చాలు.

పని చేయడం చెడ్డదని నేను అనడం లేదు. రాత్రి రెండు గంటలప్పుడు నొప్పితో నిద్రపట్టని పెద్దాయన పక్క సర్ది, నీళ్ళు తాగించి, కాసేపు మాట్లాడి వచ్చాక ఈ వృత్తి నాకు కావాలో వద్దో ఎవరూ చెప్పక్కర్లేదు. నర్సింగ్ అసిస్టెంట్, అంబులెన్సులో అత్యవసర సాయం చేసే ఈఎంటీ, డాక్టరు పక్కనుండి రోగి వివరాలు రాసిపెట్టే స్క్రైబ్, రక్త నమూనాలు తీసే ఫ్లెబోటమిస్ట్, ఇవన్నీ జీతంతో పాటు వైద్య అనుభవం కూడా ఇచ్చే పనులు. అలాంటివి దొరకనివాళ్ళు కిరాణా షాపులో, గ్యాస్ స్టేషన్‌లో చేసే పనిని అప్లికేషన్‌లో దాచుకోవద్దు. ఎమ్‌కాస్‌లో అనుభవాల కోసం 15 గడులు ఉంటాయి, వైద్యంతో సంబంధం లేని జీతం పనికి విడిగా ఒక వర్గమే ఉంది, ఎన్ని గంటలు చేశారో రాయమంటారు. అమ్మానాన్నల షాపులో జీతం లేకుండా కూర్చున్నా అది పనే, రాయాల్సిందే. మన పిల్లలు చాలామంది దాన్ని నామోషీగా భావించి వదిలేసి, ఎక్కడో కొన్ని గంటలు చేసిన వాలంటీర్ పని గురించి పేరాలు పేరాలు రాస్తారు.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటి. మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీకి ఫీజు సాయం పథకం ఉంది. అర్హత ఉంటే ఎంక్యాట్ ఫీజు బాగా తగ్గుతుంది, అప్లికేషన్ ఫీజులో మినహాయింపు దొరుకుతుంది, ప్రాక్టీసు పరీక్షలు ఉచితంగా ఇస్తారు. కాకపోతే ముందు సాయం మంజూరు అవ్వాలి, తర్వాతే పరీక్షకి నమోదు చేసుకోవాలి, కట్టేసిన ఫీజు వెనక్కి రాదు. ఈ వరుస తెలియక నిండు ఫీజు కట్టేసి, దాని కోసం అదనపు షిఫ్టులు చేసినవాళ్ళు ఉన్నారు.

ఎడిటర్ గారూ, మీ చదువుల పేజీలో ఇలాంటి సమాచారం అప్పుడప్పుడు వేస్తే ఇక్కడున్న పిల్లలూ చదువుతారు, అక్కడున్న వాళ్ళ అమ్మమ్మలూ తాతయ్యలూ చదువుతారు. అలాగే ఈసారి సీటు వచ్చిన విద్యార్థిని ఇంటర్వ్యూ చేసేటప్పుడు రోజుకి ఎన్ని గంటలు చదివావు అని అడిగాక, వారానికి ఎన్ని గంటలు పని చేశావు, ఎన్ని గంటలు నిద్రపోయావు, ఇంటి ఖర్చులు ఎవరు చూశారు, ఎన్నేళ్ళు పట్టింది అని కూడా అడిగి, వచ్చిన జవాబులు ఏవీ తీసేయకుండా అచ్చు వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
అమెరికాలో చదువుకుంటున్న ఒక తెలుగు విద్యార్థిని