డిమెన్షియా రోగులను చూసుకునే కుటుంబాలకు భృతి ఇవ్వండి

సంక్షేమ శాఖ మంత్రి గారికి,

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినే జబ్బు) ఉన్నవారిని ఇంట్లో చూసుకునే వాళ్లకు నెలనెలా భృతి ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2019లో ప్రపంచమంతటా ఈ జబ్బుకైన ఖర్చు 1.3 లక్షల కోట్ల డాలర్లు. అందులో దాదాపు సగం ఇంట్లోవాళ్లు జీతం లేకుండా చేసిన సేవ విలువే.

మా అమ్మ అర్ధరాత్రి లేచి, చెప్పులు వేసుకుని, "ఇంటికి పోవాలి" అంటూ తలుపు గడియ లాగుతుంది. ఉన్నది సొంతింట్లోనే. రాత్రంతా కాపలా ఉండి పొద్దున్నే ఆఫీసుకు ఎలా పోవడం? మా చెల్లి ఉద్యోగం మానేసింది. జీతంతో పాటు రేపటి పెన్షనూ పోయింది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అదే నా బాధ.

కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయని దరఖాస్తు తిప్పి పంపకండి. మనిషిని ఎంతసేపు కనిపెట్టుకుని ఉండాల్సి వస్తోందో చూసి అర్హత తేల్చండి. వచ్చే బడ్జెట్‌లోనే డబ్బు కేటాయించండి.