మా పెళ్లిలో చెయ్యి వేసిన అందరికీ

పెళ్లయి పన్నెండు రోజులైంది. పదహారు రోజుల పండుగ కాకముందే ఈ నాలుగు మాటలూ రాసేయాలని కూర్చున్నాను. ఇంకా ఆలస్యం చేస్తే ఎవరో ఒకరిని మర్చిపోతానేమోనని భయం. పేర్లు పెట్టొద్దని చాలామంది అన్నారు కాబట్టి వరసలతోనే రాస్తున్నా. చదివితే ఎవరి సంగతో వాళ్లకి తెలిసిపోతుంది.

మొదటి దండం మా నాన్నకి. మా ఆయనా నేనూ ఇద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాం, ఫంక్షన్ హాల్ పెళ్లిళ్లు ఎన్నో చూశాం. వచ్చినవాళ్లు స్టేజీ దగ్గర లైన్లో నిలబడి, అక్షింతలు వేసి, ఫోటో దిగి, భోంచేసి వెళ్లిపోతారు. ఎంతో దూరం నుంచి వచ్చిన మేనత్తతో పది నిమిషాలు కూర్చుని మాట్లాడే వీలుండదు. మాకు అలా వద్దనిపించింది. 180 మందినే పిలుద్దాం, కృష్ణా జిల్లా పెడనలో మా ఇంటి వాకిట్లోనే చేసుకుందాం, ఇష్టమున్నవాళ్లు రెండు మూడు రోజులు ముందే వచ్చి మాతో కలిసి ఏదో ఒక పని చేస్తారు అని చెప్పాం. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "పెళ్లికి పిలిచి పని చెబితే నలుగురూ ఏమనుకుంటారమ్మా" అన్నారు. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి, అటక మీద రోకళ్లు దింపించానని చెప్పారు. ఆ ఫోన్ నేనెప్పటికీ మర్చిపోను.

అద్దకం మేస్త్రి మావయ్యా, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మా ఊరి కలంకారీ మాకేం కొత్త కాదు. కానీ మా పెళ్లి అడ్డుతెర మా వాళ్ల చేతులతోనే అద్దించాలని అడిగినప్పుడు, పని ఆపుకొని ఆదివారమంతా షెడ్డు మాకు వదిలేశారు. మగ్గం మీద నేసిన తెల్లగుడ్డని ముందే కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెట్టి ఉంచారు. పాలు పట్టకపోతే రంగు గుడ్డలో పాకిపోతుందని మా స్నేహితులకి ఓపిగ్గా చెప్పారు. అచ్చు ఎలా పట్టుకోవాలో, దాని మీద పిడికిలితో ఎంత గట్టిగా కొట్టాలో ఒక్కొక్కరికీ నేర్పారు.

ముందు మేం నల్లరంగే అనుకున్నాం. ఇనుము, బెల్లం రోజుల తరబడి పులియబెట్టి చేసే ఆ నలుపు కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే చిక్కబడుతుంది, వేసినవాళ్లకి వెంటనే కనబడుతుంది. మా పెద్దమ్మ మాత్రం ఒప్పుకోలేదు, శుభకార్యంలో నలుపేమిటని. అప్పుడు మీరు పటికతో అద్దిద్దామన్నారు. ముద్ర కనీకనబడనట్టు ఉంటుంది, ఎర్రరంగు నీళ్లలో ఉడికించినప్పుడు పటిక పడ్డ చోటే ఎరుపు పట్టుకుంటుంది. మామిడి పిందె, తామర, హంస, నెమలి అచ్చుల్లో తలా ఒకటి ఎంచుకొని 32 మంది అద్దారు. ఎవరికీ తమ ముద్ర ఎలా వచ్చిందో తెలియదు. మంగళవారం మధ్యాహ్నం రాగి కాగులో గుడ్డ పొర్లుతూ ఎర్రబడుతుంటే, అప్పుడే కరీంనగర్ నుంచి దిగిన పెళ్లికొడుకు వాళ్లు కూడా చుట్టూ చేరి చూశారు. మా చెల్లి ఎనిమిదేళ్ల కూతురు తన హంసని గుర్తుపట్టి కేక వేసింది. అది కొంచెం పక్కకి ఒరిగి ఉంది. దాన్ని సరిచేద్దామా అని ఎవరూ అడగలేదు, నాకూ అలాగే ఇష్టం.

ఈలోపు ఒక కష్టం వచ్చింది. అడ్వాన్స్ తీసుకున్న డెకరేషన్ వాళ్లు సోమవారం సాయంత్రం ఫోన్ చేసి రాలేమన్నారు. పెళ్లి బుధవారం రాత్రి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా టెన్షన్ పడ్డాను. తెల్లారేసరికి బాబాయి, వీధిలోని అన్నయ్యలు ట్రాక్టర్ మీద కొబ్బరి మట్టలు తెచ్చి దించారు. మట్ట అల్లడం వచ్చినవాళ్లు రానివాళ్లకి నేర్పారు. నా ఆఫీసు స్నేహితులు, పుట్టి బుద్ధెరిగాక కొబ్బరి మట్ట ముట్టనివాళ్లు, సాయంత్రానికి చకచకా అల్లేస్తున్నారు. అంతకు ముందే పాతిన పెళ్లిరాట చుట్టూ పందిరి లేచింది. బంతిపూలు, మామిడాకులు గుచ్చే పని పిల్లలది. అంత అందమైన పందిరి డబ్బిచ్చినా మాకు దొరికేది కాదు.

వంటింటి వైపు నడిపించింది అమ్మ, పెద్దమ్మ, పక్కింటి పిన్నిగారు. తొక్కుడు లడ్డుకి శనగపిండి జంతికలు నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకం పోసి మళ్లీ దంచాలి. రోకళ్లు నాలుగు, చేతులు మారుతూనే ఉన్నాయి. అది చూసి మా అత్తమ్మ, "మీరు దంచుతుంటే మాకు చేతులు ఊరుకుంటలేవు" అని, వెంట తెచ్చిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి వాకిట్లో గుడ్డ పరిచి కూర్చున్నారు. సకినం చుట్టడం చూడ్డానికి తేలిక. పిండిని వేళ్లతో మెలిపెడుతూ తెగకుండా వరసగా చుట్లు తిప్పాలి. మా పెద్దమ్మకి నాలుగో ప్రయత్నానికి గాని రాలేదు. అంతకు ముందు ఆ ఇద్దరూ ఫోన్లో పెట్టుపోతల గురించి తప్ప మాట్లాడుకోలేదు. ఆ సాయంత్రం ఒకరి మోకాళ్ల నొప్పులు ఒకరికి చెప్పుకుంటూ కూర్చున్నారు.

పెళ్లిపాటలు పాడిన నాయనమ్మకీ, ఇద్దరు మామ్మగార్లకీ, వాటిని వింటూ నోటుబుక్కులో రాసి జిరాక్సులు తీయించిన మరదలికీ ప్రత్యేకంగా. ఆ కాగితాలు చేతిలో ఉండబట్టే నలుగు పెట్టేటప్పుడు అబ్బాయి తరఫు వాళ్లు కూడా గొంతు కలిపారు. అరుగు మీద కూర్చుని, ఏ పనీ చేయకుండా కబుర్లు చెప్పుకున్న పెద్దలకి కూడా థాంక్స్. ఎవరినీ బలవంతంగా పనిలోకి లాగొద్దని మేం ముందే అనుకున్నాం. వాళ్లు అక్కడ తీరిగ్గా ఉండబట్టే అది పెళ్లిల్లులా అనిపించింది.

ఇలా చేసుకోవాలని ఇద్దరు ముగ్గురు అడిగారు. మాకు తెలిసింది ఇంతే: రోజుకి ఒక పని చాలు. టైం టేబుల్ వద్దు. పని తెలిసిన ఒక పెద్ద మనిషి దగ్గరుండాలి, సామాను ముందే సిద్ధంగా ఉండాలి. రంగు లాంటివాటికి ఆరే సమయం వదలాలి, అందుకే మేం ఆదివారమే అద్దాం.

ముహూర్తానికి మా ఇద్దరి మధ్య ఆ తెర పట్టుకున్నది మా అన్నయ్య, వాళ్ల తమ్ముడు. జీలకర్ర బెల్లం పెట్టేవరకు నా కళ్లముందు ఉన్నవి మీ ముద్రలే. ఏది ఎవరిదో వెతుక్కుంటూ కూర్చున్నాను. మేనత్త తామర, మావయ్య నెమలి, పక్కకి ఒరిగిన ఆ హంస. తెర దించేశాక కూడా కాసేపు ఎదురుగా ఉన్న మనిషి ముఖం మసకగానే కనబడింది, కళ్లనిండా నీళ్లు.

మా ఇంట్లో ఇంకా మూడు స్టీలు బేసిన్లు, ఒక జల్లెడ, ఇనుప పొన్ను ఉన్న రోకలి మిగిలాయి. బేసిన్ల మీద చెక్కిన పేర్లు అరిగిపోయి కనబడటం లేదు. ఎవరివో చెప్పండి, ఆదివారం మేమిద్దరం తెచ్చి ఇస్తాం. కాస్త సేపు కూర్చుంటాం కూడా.