సిపడాన్‌లో అడగాల్సింది కరెంట్ గురించి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్ రా. సిపడాన్ దీవికి స్కూబా డైవింగ్ ప్లాన్ వేస్తున్నా, నీళ్ళు క్లియర్‌గా ఉండే నెల ఏదో చెప్పు అని మెసేజ్ పెట్టావ్ కదా, రెండు ముక్కల్లో తేలే విషయం కాదు అందుకే తీరిగ్గా రాస్తున్నా. ముందు సూటిగా చెప్పేస్తా, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా బాగుంటుందని అందరూ అంటారు, విజిబిలిటీ, అంటే నీళ్ళలో కంటికి కనిపించే దూరం, 10 మీటర్ల నుంచి 30 దాటి కూడా ఉంటుంది, నీళ్ళు ఏడాది పొడుగునా 27, 28 డిగ్రీలు, అటూ ఇటూ, 3 ఎంఎం మందం డైవింగ్ సూట్ చాలు. అయిపోయింది. కానీ నువ్వు అడగాల్సింది అది కాదురా బాబూ, కరెంట్, అంటే సముద్రంలో నీటి ప్రవాహం, ఎలా ఉంటుంది అని అడగాలి. అక్కడ కథంతా దానిదే.

ఎందుకంటావా, ఆ దీవి ఉన్న తీరు అలాంటిది. బోర్నియోలో మలేసియా వాళ్ళ సబా రాష్ట్రం ఉంది చూడు, దాని తూర్పు పక్క సెలబీస్ సముద్రంలో చిన్న చుక్క. ఆరిపోయిన అగ్నిపర్వతం నెత్తిన పగడాలు పెరిగి పెరిగి పైకి తేలిన దీవి, సముద్రం అడుగు నుంచి దాదాపు 600 మీటర్లు నిటారుగా లేచి నిలబడింది. ఒడ్డు నుంచి నాలుగు ఈతలు వేస్తే చాలు, కాళ్ళ కింద నేల మాయమై ముదురు నీలం వస్తుంది, మొదటిసారి చూస్తే కడుపులో కొంచెం తిప్పుతుంది, నిజం. లోతు సముద్రంలోంచి వచ్చే ప్రవాహం నేరుగా వచ్చి ఈ గోడని గుద్దుకుని చీలుతుంది, కొంత పక్కలకి, కొంత పైకి, కొంత కిందకి. దాంతో పాటే ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు, వస్తుంది, దానికోసం చిన్నచేపలు, వాటికోసం పెద్దవి. అందుకే నీళ్ళు కాస్త మసగ్గా ఉన్న రోజు మొహం మాడ్చుకోకు, అదే మంచి డైవ్ అయినా అవ్వొచ్చు. అద్దంలా ఉండి కరెంట్ లేని రోజు ఫొటోలు బాగా వస్తాయి, కానీ ఫొటోలో చేపలుండాలిగా.

బరాకుడా పాయింట్ అని ఉంది, పేరుకి తగ్గట్టే వందల బరాకుడాలు, పొడుగాటి వేటచేపలు, ఒక్కచోట సుడి తిరుగుతూ ఉంటాయి, పగలంతా అలా గుంపుగా ఉండి రాత్రికి వేటకి విడిపోతాయంట. వాటి మధ్యలోకి దూసుకెళ్ళకు, మంద చెదిరిపోతుంది, మిగతావాళ్ళు నిన్ను తిడతారు (పైకి వచ్చాక, నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్ తీశాక). కిందా పక్కనా ఆగి ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉంటే అవే దగ్గరికొస్తాయి. డ్రాప్ ఆఫ్ అనే ఇంకో పాయింట్ దగ్గర ట్రెవల్లీ చేపల మంద ఉంటుంది, అందరూ మంద చూసి వచ్చేస్తారు, నువ్వు మాత్రం అంచుల్లో చూడు, జంటలుగా విడిపోయి ఈదుతుంటాయి, ఒకటి వెండి రంగు, దాని పొట్ట కిందే అంటుకున్నట్టు ఇంకోటి నల్లగా. ఆ నల్లది మగది, జోడీ కట్టే టైమ్‌లో రంగు మార్చుకుంటుంది.

తెల్లవారుజాము బోట్ ఉంటే మాత్రం అస్సలు వదలొద్దు, నిద్ర తర్వాత పోవచ్చు. ఆ టైమ్‌లో బంప్‌హెడ్ పారట్ ఫిష్‌లు పగడపు దిబ్బ మీదకి వస్తాయి, ఒక్కోటి మీటరు పైనే ఉంటుంది, నుదుటి మీద బొడిపె, ముందుకి పొడుచుకొచ్చిన పళ్ళు, గేదెల మంద కదిలినట్టు మెల్లగా వస్తాయి. కళ్ళకంటే ముందు చెవులకి తెలుస్తుంది, పగడాన్ని పటపటా కొరికే చప్పుడు నీళ్ళలో స్పష్టంగా వినిపిస్తుంది. ఒక్కో చేప ఏడాదికి 5 టన్నుల పైనే పగడపు రాయి నమిలేస్తుందని లెక్కగట్టారు, అదంతా వెనకనుంచి ఇసుకై రాలుతుంది, వెనకాల వెళ్తే మాస్క్ ముందే తెల్లటి మేఘం వదుల్తుంది, కాబట్టి పక్కనుంచి వెళ్ళు.

తాబేళ్ళ గురించి చెప్పేదేముంది, లెక్క పెట్టడం మానేస్తావ్. సొరచేపలంటే భయమన్నావ్ కదా, వైట్‌టిప్‌లు, అంటే రెక్క కొనలు తెల్లగా ఉండే సొరలు, ఇసుకలో పడుకుని ఉంటాయి రా, కొన్ని సొరలు ఈదకపోతే ఊపిరాడదు గానీ ఇవి నోటితో నీళ్ళు లాగి మొప్పల్లోంచి వదిలేస్తూ హాయిగా పడుకోగలవు. నువ్వు భయపడాల్సింది టైటన్ ట్రిగ్గర్‌ఫిష్ అనే చేపకి. గూడు కట్టిన టైమ్‌లో తరిమి కొరుకుతుంది, కాళ్ళకి తొడిగే ఫిన్స్ మీద పళ్ళ గాట్లు పడతాయి. దాని హద్దు గూడు నుంచి పైకి వెడల్పు అవుతూ పోతుంది, కాబట్టి పైకి పారిపోతే ఇంకా దాని ఇంట్లోనే ఉన్నట్టు, పక్కకి ఈదేయాలి.

ఇక అసలు జాగ్రత్త. గోడ పక్కన ఉన్నప్పుడు నీ బుడగలు పైకి పోకుండా కిందకి పోతుంటే, కరెంట్ నిన్ను కిందకి లాగుతోందని అర్థం. నిటారుగా పైకి తన్నుకోకు, గాలి తగలబడిపోతుంది, 30 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికి పైన పట్టేదానికి నాలుగింతల గాలి పడుతుంది, తెలుసుగా. గోడకి దగ్గరుంటే రాయి పట్టుకో, పగడం కాదు, రాయి. అందకపోతే అడ్డంగా ఈది ఆ ప్రవాహంలోంచి బయటపడు, గైడ్‌ని కళ్ళ ముందు నుంచి పోనివ్వకు. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ పోటు పాటు రెండూ ఎక్కువ, కరెంట్ కూడా గట్టిగా ఉంటుంది, అనుభవం ఉన్నోళ్ళు కావాలని ఆ తేదీలే చూసుకుంటారు, నువ్వు మాత్రం ఈసారికి మధ్యలో ఎప్పుడైనా పెట్టుకో. అక్కడ అడ్వాన్స్‌డ్ డైవింగ్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు, నీది మొదటి మెట్టు ఓపెన్ వాటరే కదా, ముందు ఆ కోర్స్ పూర్తి చెయ్యి, అందులో డ్రిఫ్ట్ డైవ్, అంటే కరెంట్‌తో పాటు సాగుతూ చేసే డైవ్, పెట్టించుకో. డ్రాప్ ఆఫ్ గోడలోనే టర్టిల్ టూంబ్ అనే గుహ ఉంది, లోపలికెళ్ళి దారి తెలీక చచ్చిపోయిన తాబేళ్ళ అస్థిపంజరాలు ఉంటాయి, ద్వారం దగ్గర చూసి వచ్చేయ్, ట్రైనింగ్ లేకుండా ఎవరు రమ్మన్నా లోపలికి పోకు.

ఉండటం సిపడాన్‌లో కుదరదు, 2004 చివరికల్లా రిసార్టులన్నీ ఖాళీ చేయించేశారు, మంచి పనే చేశారు. పక్కనున్న మబుల్ దీవిలోనో ఒడ్డునున్న సెంపోర్నా ఊళ్ళోనో ఉండి పర్మిట్ మీద వెళ్ళాలి, రోజుకి ఇంతమందే అని లిమిట్ ఉంటుంది కాబట్టి నెలల ముందే బుక్ చెయ్యి. పర్మిట్ లేని రోజు మబుల్‌లోనే దిగు, అక్కడ అంతా బురద, చెత్త, చూడ్డానికి ఏమీ ఉండదనిపిస్తుంది, కానీ ఫ్రాగ్‌ఫిష్‌లూ, పొద్దుగూకే వేళకి బయటికొచ్చే మాండరిన్ చేపలూ దొరికేది అక్కడే. విమానం సబాలోని తవావు ఊరి నుంచే, చివరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా చూసుకో.

చెల్లెమ్మ కూడా వస్తానంటే తీసుకురా, డైవ్ చెయ్యక్కర్లేదు, స్నార్కెల్ పెట్టుకుని గోడ అంచున తేలినా తాబేళ్ళు కనిపిస్తాయి. టికెట్లు తీసే ముందు తేదీలు పంపు, పౌర్ణమి ఎప్పుడొస్తుందో చూసి చెప్తా.

ఉంటా మరి,
నీ రాంబాబు