చేదు స్ప్రే ఇక మా కొట్లో దొరకదు

నమస్కారమండీ. ఈకలు పీక్కునే చిలకలకి కొట్టే చేదు స్ప్రే మళ్లీ ఎప్పుడొస్తుందని ఈ నెలలో చాలామంది అడిగారు. ఇక తెప్పించనండీ. ఎందుకో చెప్పాలంటే బుజ్జమ్మ సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ దాచాను.

బుజ్జమ్మ మా గ్రే చిలక, అంటే బూడిదరంగు ఆఫ్రికా చిలక. గల్లాపెట్టె పక్కన కూర్చుని ఫోన్ రింగులా కూసి, మీ చేత జేబులు తడిమించింది అదే. కిందటేడు వినాయక చవితి తర్వాత కనబడటం లేదేమని అడిగినవాళ్లకి ఇంటికి తీసుకెళ్లానని చెప్పాను. అబద్ధం. వెనక గోడౌన్‌లో ఉంది. తల మీద ఒక్క ఈక చెదరలేదు, ముక్కు అందదు కదా. మెడ కింద మాత్రం ఒలిచిన కోడిలా ఉంది. పక్షుల దాణా అమ్మే కొట్లో అలాంటి చిలక కనబడితే బేరం పోతుందని భయం. గోడౌన్‌లో ఒంటరిగా పడేసరికి ఇంకా ఎక్కువ పీకింది.

మీకు అమ్మిన స్ప్రేనే దానికీ కొట్టాను. ఆ చేదు పోగొట్టుకోడానికి గంటల తరబడి దువ్వుకుంటూ ఇంకో నాలుగీకలు పీకింది. ముక్కు ఈకలకి అందకుండా మెడకి కాలర్ వేశాను. పీకడంతో పాటు తిండీ మానేసింది, కొమ్మ మీద నిలవలేక రెండుసార్లు కింద పడింది. కాలర్ తీసిన పూటే మళ్లీ మొదలు. కొందరు కారం నీళ్లు చల్లుతున్నారట. పచ్చిమిర్చిని కరకరా నమిలే పక్షికి కారం ఏం చేస్తుందండీ? వాటికి ఆ మంటే తెలియదు.

చివరికి పక్షుల్ని చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాం. రక్తపరీక్ష, రెట్ట పరీక్ష, కడుపులో లోహం ముక్కలున్నాయేమోనని ఎక్స్‌రే. జింకు పూత తీగ కొరికినా, కాలేయం పాడైనా పీక్కోవచ్చట. కాకటీల్స్ అనే జుట్టు చిలకల్లో అయితే జియార్డియా అనే, పేగులో చేరే సూక్ష్మజీవి కూడా కారణం కావచ్చట. అవేవీ లేవని తేలాక అడిగారు, కొట్టు ఎన్నింటికి కట్టేస్తారని. రాత్రి పదింటికి. పొద్దున ఆరింటికల్లా వీధిలో కూరగాయల బళ్ల గోల. దానికేమో పది పన్నెండు గంటల చీకటి కావాలి. తిండేమిటన్నారు. పొద్దుతిరుగుడు గింజలు, నేను కిలోల లెక్కన అమ్మేవే. కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ, కాల్షియం తక్కువ. ఇంకోటి అడిగారు, పీకినప్పుడు మీరేం చేస్తారని. "వద్దే బుజ్జమ్మా!" అని పరిగెత్తేవాణ్ణి. ఈక పీకితే మనిషి వస్తాడని అది నేర్చేసుకుంది.

ఇప్పుడు ఏడింటికే దాని గదిలో దీపం ఆర్పేస్తున్నాం. పెల్లెట్లు (పోషకాలు కలిపిన దాణా గుళికలు), మునగాకు, క్యారెట్ ముక్కలు తాటాకు పొట్లాల్లో కట్టి వేలాడదీస్తున్నాం, విప్పుకోడానికే దానికి సగం పూట పడుతుంది. ఏడు నెలలైంది. రొమ్మంతా బూడిదరంగు నూగు, దాని మీద కొత్త ఈకలు. ఎడమ పక్క రూపాయి బిళ్లంత చోట మాత్రం రాలేదు. పీకీ పీకీ ఈక మొదలే చచ్చిపోయింది, ఇక రాదన్నారు.

మా దగ్గర స్ప్రే కొన్నవాళ్లు సీసా తెండి. సగం వాడినా, బిల్లు లేకపోయినా డబ్బు వెనక్కిస్తాను. కాలర్లు డాక్టరు చీటీ ఉంటేనే. తాటాకు పొట్లాలు పదింటికి నలభై రూపాయలు. మా ఆవిడ ఒక్కతే అల్లుతోంది కాబట్టి ఆదివారానికి అయిపోతున్నాయి, ముందే చెప్పండి. కొట్టు ఇకనుంచి రాత్రి ఏడున్నరకే కట్టేస్తాం. ఆఫీసుల నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్లు తిట్టుకుంటారని తెలుసు.

గ్రే చిలక ఉన్నవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించారో లేదో చూసుకోండి. రామచిలకని పెంచడమే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. దానికి పంజరం, దాణా నన్ను అడగొద్దు.

సోమవారం నుంచి బుజ్జమ్మ పగటిపూట మళ్లీ గల్లాపెట్టె పక్కన ఉంటుంది, ఆ బోడి మచ్చతోనే. చూడండి, మాట్లాడండి. ఈక పీకుతుంటే మాత్రం "అయ్యో" అనకండి, అటు తిరిగి నాతో బేరమాడండి.