నా సాక్ష్యంలో ఆ పది సీసాలు ఏమయ్యాయి?

ఎడిటర్ గారికి వందనాలు.

నాలుగేళ్ల కిందట ఆగస్టులో, చీకటి పడే వేళ గేదెకి మేత వేద్దామని గడ్డివాములో చెయ్యి పెట్టి లాగుతుంటే రక్తపింజరి కరిచింది. బుస వినపడింది గానీ ఇంట్లో కుక్కర్ కూస్తోందనుకున్నాను, అంత గట్టిగా ఉంటుంది దాని బుస. మా అబ్బాయి బండి మీద నన్ను మధ్యలో కూర్చోబెట్టి, వెనక మా బావమరిది పట్టుకుని ఆస్పత్రికి చేర్చారు. డాక్టరమ్మ రక్తం తీసి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచింది, తర్వాత వంచి చూస్తే గడ్డకట్టలేదు, నీళ్లలా జారింది. వెంటనే పది సీసాల విరుగుడు మందు సెలైన్‌లో ఎక్కించారు. దారి పొడుగునా నేను యేసయ్యా యేసయ్యా అనుకుంటూనే ఉన్నాను, అదీ దాచను.

కోలుకున్నాక సంఘంలో, అంటే మా చర్చిలో, దేవుడు నాకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాను, డాక్టరమ్మతో సహా అన్నీ చెప్పాను. కొన్ని నెలల తర్వాత పక్క ఊళ్లో సువార్త కూడికకి వెళ్తే స్టేజి మీద ఎవరో పాస్టరు గారు నా కథే చెబుతున్నారు. ఒక సహోదరుణ్ణి పాము కరిచిందట, మోకాళ్లూనాడట, విషం నీరైపోయిందట. ఆస్పత్రి లేదు, పది సీసాలు లేవు, చివరికి మా అబ్బాయి బండి కూడా లేదు! మూడో వరసలో కూర్చున్న నాకే అది వేరేవాళ్ల కథలా అనిపించింది. అప్పుడు లేచి మాట్లాడాల్సింది, మొహమాటపడ్డాను.

ఆ మొహమాటం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. మరుసటి ఏడు మా పక్క పేటలో నేల మీద పడుకున్న ఒక కూలీని రాత్రి కట్లపాము కరిచింది. కట్లపాము కాటు పెద్దగా నొప్పి ఉండదు, వాపూ ఉండదు, కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి అందదు. తెల్లవారేదాకా అతన్ని ప్రార్థనలోనే ఉంచారు. మిగల్లేదు. వాళ్లంతా ఆ కూడికలో నా కథ విన్నవాళ్లే.

ప్రార్థనని తక్కువ చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. పాము పేరెత్తితే అందరూ చెప్పేది బైబిల్లో మెలితే ద్వీపంలో అపొస్తలుడు పౌలు సంగతే కదా, అదే సరిగ్గా చదువుదాం. ఓడ పగిలి, వానలో చలిలో వణుకుతున్న జనం కోసం పుల్లలేరి మంటలో వేస్తుంటే ఆయన చేతిని పాము పట్టుకుంది. విశ్వాసం చూపించడానికి ఆయన పాముని వెతుక్కుంటూ వెళ్లలేదు, మనం గడ్డివాములో చెయ్యి పెట్టినట్టే పనిలో ఉండగా కరిచింది. అక్కడి జనం ముందు హంతకుడన్నారు, ఏమీ కాకపోయేసరికి దేవుడన్నారు, రెండూ తప్పే. మన ఊళ్లలోనూ ఇంతే, పోతే ఏ పాపం చేశాడో అంటారు, బతికితే ఎంత విశ్వాసమో అంటారు. ఆ కూలీ భార్యని ఎన్ని మాటలన్నారో నాకు తెలుసు.

ఇంకోటి. దేవాలయ శిఖరం మీంచి దూకమని యేసుతో చెప్పినప్పుడు సాతాను ఎత్తిన వచనం 91వ కీర్తనలోది, దూతలు నిన్ను ఎత్తిపట్టుకుంటారని. సరిగ్గా దాని తర్వాతి వచనమే సింహాల్నీ నాగుపాముల్నీ తొక్కుతావు అనేది, మన కూడికల్లో మైకు పగిలేలా చెప్పేది. యేసు దూకలేదు, దేవుణ్ణి శోధించకూడదు, అంటే పరీక్ష పెట్టకూడదన్నాడు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో జేమీ కూట్స్ అనే పాస్టరు, నమ్మినవాళ్లు పాముల్ని ఎత్తిపట్టుకుంటారని ఉన్న మార్కు సువార్త 16వ అధ్యాయం పట్టుకుని ఆరాధనలో విషసర్పాల్ని చేత్తో ఎత్తేవాడు. 2014లో గుడిలోనే పాము కరిస్తే వైద్యం వద్దని ఇంటికెళ్లి చనిపోయాడు. విశ్వాసం తక్కువై పోయాడని అతన్ని ఎవరనగలరు?

పాము కరిచిన ప్రతిసారీ విషం ఎక్కదు, ఒట్టి కాట్లు కూడా ఉంటాయి. అలా బతికినవాళ్ల పేరు చెప్పుకునే మంత్రగాళ్లు బతుకుతున్నారు, మనమూ అదే లెక్కలోకి వెళ్లడం నాకు సిగ్గుగా ఉంది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని పరిశోధకులు లెక్కగట్టారు, ఎక్కువ మంది పోయిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. వాళ్లలో ప్రార్థన చేసినవాళ్లు లేరా?

నా ఒంట్లోకి ఎక్కిన మందు, గుర్రాలకి కొంచెం కొంచెం పాము విషం ఎక్కించి వాటి రక్తం నుంచి తీస్తారని తర్వాత తెలిసింది. దానికి కావలసిన విషం కోసం తమిళనాడులో ఇరుళ గిరిజనులు పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. రక్షించడానికి గుర్రం అక్కరకు రాదని కీర్తనల్లో ఉంది గానీ (అది యుద్ధపు గుర్రం సంగతి లెండి), నాకు మాత్రం వచ్చింది. నేను ఎన్నడూ చూడని ఆ ఇరుళవాళ్ల చేతుల్నీ ఆ గుర్రాల్నీ దేవుడే వాడుకున్నాడని సాక్ష్యం చెబితే ఆయన మహిమ ఏం తగ్గుతుందో నాకు అర్థం కాదు.

పాస్టరు గార్లకి నా మనవి ఒక్కటే. ఊడ్పుల కాలంలో ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్క నిమిషం చెప్పండి: కరిచిన చోట కొయ్యొద్దు, తాడుతో బిగించొద్దు, కదలనివ్వకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, ప్రార్థన దారిలో చేసుకోండి. మీ పేపరు కూడా మా దివిసీమలో ఏయే ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆ మందు ఉందో వానలు మొదలయ్యేలోపు ఒక్కసారి వేస్తే మేలు.

వచ్చే ఆదివారం మా సంఘంలో మళ్లీ సాక్ష్యం చెప్పమన్నారు. ఈసారి ఆస్పత్రి చీటీ కూడా పట్టుకెళ్తున్నాను.

ఇట్లు
ఒక రైతు, దివిసీమ, కృష్ణా జిల్లా